పరమాణువు నుంచి గుండె దాకా: శరీరంలోని విద్యుత్తును ఒకే వరుసలో వివరించడం ఎలా?

ప్రశ్న: జీవశాస్త్రం టీచర్

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. నాడీ వ్యవస్థ, రక్తప్రసరణ పాఠాలలో నాడీ ప్రచోదనం ఒక విద్యుత్ సంకేతమనీ, గుండె లయకు కూడా విద్యుత్తే ఆధారమనీ ఒక్కొక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాము. పిల్లలు మాత్రం అక్కడితో ఊరుకోవడం లేదు. ఇంట్లో ప్లగ్గులో ఉండే కరెంటూ గుండెలో ఉండే కరెంటూ ఒకటేనా, ఒకటే అయితే మనకు షాకు ఎందుకు కొట్టదు అని అడుగుతున్నారు. ఫోన్లలో చూసిన వీడియోల మూలంగా మరికొన్ని సందేహాలు కూడా వస్తున్నాయి. గుండె చుట్టూ కొన్ని మీటర్ల మేర విద్యుదయస్కాంత క్షేత్రం వ్యాపించి ఉంటుందనీ, అది ఎదుటివారి మనసును తాకుతుందనీ, రక్తంలో ఇనుము ఉన్నది కనుక అయస్కాంతపు కడియం తొడుక్కుంటే రక్తం చక్కగా ప్రవహిస్తుందనీ ఆ వీడియోలలో చెబుతున్నారట.

ఇవన్నీ అబద్ధమని కొట్టిపారేయడం తేలికే, కానీ అందులో ఏ మేరకు నిజమున్నదో నాకే స్పష్టంగా తెలియనప్పుడు పిల్లల ముందు అలా మాట్లాడడం నాకు ఇష్టం లేదు. పరమాణువులో ఉండే ఆవేశం దగ్గర మొదలుపెట్టి, కణం మీదుగా, గుండె, మెదడు వంటి అవయవాల దాకా తెగని వరుసలో ఈ విషయాన్ని వివరించడం సాధ్యమేనా? భౌతికశాస్త్రం, వైద్యం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.


సమాధానం: శరీరధర్మశాస్త్ర అధ్యాపకురాలు

టీచర్ గారూ, ముందుగా కరెంటు సంగతి చెబుతాను. రాగి తీగలో కదిలేవి ఎలక్ట్రాన్లు. శరీర ద్రవాలలో కదిలేవి అయాన్లు, అంటే ఎలక్ట్రాన్లను పోగొట్టుకున్న సోడియం, పొటాషియం, కాల్షియం పరమాణువులు, ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా తెచ్చుకున్న క్లోరిన్ పరమాణువులు. ఆవేశం కదలడమే విద్యుత్ ప్రవాహం కనుక రెండు చోట్లా వర్తించే నియమాలు ఒకటే, కదిలే సరుకు మాత్రం వేరు, కదిలే దూరమూ వేరు. మీరు అడిగిన వరుస ఈ అయాన్ల దగ్గర సహజంగా మొదలవుతుంది.

కణత్వచం 7, 8 నానోమీటర్ల మందం గల కొవ్వు పొర. ఆవేశం ఉన్న అయాన్లు ఈ పొరను సూటిగా దాటలేవు, ప్రోటీన్లతో ఏర్పడిన ప్రత్యేక మార్గాల గుండానే రాకపోకలు సాగించాలి. కణం లోపల లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌ల పొటాషియం ఉంటే వెలుపల 4 మాత్రమే ఉంటుంది. సోడియం విషయం దీనికి తలకిందులు, వెలుపల సుమారు 145 ఉంటే లోపల 10 నుంచి 15 దాకా ఉంటుంది. ఈ తేడా దానంతట అది నిలవదు. త్వచంలో ఉండే సోడియం పొటాషియం పంపు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చు చేసి 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ దానిని నిలబెడుతుంది. ఈ పంపును 1957లో వెల్లడించిన డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌకు 1997లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పంపును నడిపే ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి, ఇలా రెండు చోట్ల వేర్వేరుగా కనుగొన్నారు. పిల్లలకు సుబ్బారావు గారి పేరు చెప్పడానికి ఇంతకంటే తగిన పాఠం మరొకటి ఉండదని నా అభిప్రాయం.

విశ్రాంతిలో ఉన్న కణానికి పొటాషియం మార్గాలు కొన్ని తెరిచే ఉంటాయి. గాఢత ఎక్కువగా ఉన్న లోపలి వైపు నుంచి పొటాషియం బయటికి జారుతుంది, దానితో పాటు ధనావేశం కూడా వెళ్ళిపోతుంది కనుక లోపలి వైపు రుణాత్మకంగా మారుతుంది, ఆ రుణావేశం మిగిలిన పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్ళూ దాదాపు సరితూగిన చోట త్వచానికి ఇరువైపులా ఒక పొటెన్షియల్ తేడా, అంటే వోల్టేజి, నిలిచి ఉంటుంది. నాడీకణంలో అది సుమారు −70 మిల్లీవోల్టులు, గుండె జఠరికల కండర కణంలో సుమారు −90 మిల్లీవోల్టులు. వినడానికి ఇది స్వల్పంగానే ఉంటుంది. కానీ 70 మిల్లీవోల్టులను 7 నానోమీటర్లతో భాగిస్తే మీటరుకు కోటి వోల్టుల క్షేత్రం వస్తుంది. మీటరుకు 30 లక్షల వోల్టుల దగ్గరే పొడి గాలి తట్టుకోలేక నిప్పురవ్వ పుడుతుందని గుర్తు చేసుకుంటే, మన ప్రతి కణం చుట్టూ ఎంత బలమైన క్షేత్రం ఉన్నదో అర్థమవుతుంది. అయితే ఆ బలమంతా త్వచపు మందంలోనే ఇమిడి ఉంటుంది, దానిని దాటి బయటికి రాదు. షాకు కొట్టకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉన్నది.

నాడీ ప్రచోదనం అంటే ఈ పొటెన్షియల్ క్షణకాలం తలకిందులు కావడం. సోడియం మార్గంగా పనిచేసే ప్రోటీనులో ధనావేశం గల అమైనో ఆమ్లాల వరుస ఒకటి ఉంటుంది. త్వచపు క్షేత్రం కాస్త బలహీనపడగానే ఆ వరుస స్థానం మారి ద్వారం తెరుచుకుంటుంది. సోడియం లోపలికి దూకుతుంది, ఒక మిల్లీసెకను లోపు ద్వారం మూసుకుంటుంది, తరువాత పొటాషియం బయటికి పోయి పూర్వస్థితి నెలకొంటుంది. దీని గణితాన్ని హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్ర జీవి నాడీతంతువు మీద ప్రయోగాలు చేసి 1952లో ప్రకటించారు, 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇక్కడ ఒక అపోహను తప్పక తొలగించాలి. కాలి బొటనవేలి దగ్గర కదిలిన సోడియం అయాను వెన్నుపాము దాకా ప్రయాణించదు. అయాన్లు త్వచాన్ని అడ్డంగా, కొన్ని నానోమీటర్లు మాత్రమే దాటుతాయి. ముందుకు సాగేది పక్కనున్న ద్వారాలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకోవడం అనే మార్పు. అందుకే దాని వేగం తీగలోని విద్యుత్ సంకేతంతో పోలిస్తే చాలా తక్కువ. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిలో కొలిచినప్పుడు అది సెకనుకు కొన్ని పదుల మీటర్లేనని తేలింది. మనిషిలో మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉన్న లావుపాటి తంతువులలో అది 120 మీటర్ల దాకా ఉంటుంది, తొడుగు లేని సన్నని తంతువులలో ఒక మీటరు దరిదాపుల్లోనే ఆగిపోతుంది.

గుండెలో కండర కణాలు సూక్ష్మ ద్వారాలతో ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కనుక కుడి కర్ణిక గోడలో లయ మొదలయ్యే సిరాకర్ణికా కణుపులో పుట్టిన మార్పు పై గదులైన కర్ణికలంతటా పాకి, కర్ణికలకూ జఠరికలకూ నడుమనున్న కణుపు దగ్గర సుమారు 0.1 సెకను ఆలస్యమై, సంకేతాన్ని మోసే హిజ్ కట్ట, పుర్కింజి తంతువుల గుండా కింది గదులైన జఠరికలకు చేరుతుంది. ఆ ఆలస్యం లేకపోతే కర్ణికలు రక్తాన్ని పూర్తిగా దించకముందే జఠరికలు ముడుచుకుపోతాయి. కోట్ల కణాలు ఇలా వరుసగా మారడం వల్ల కలిగే మొత్తం ప్రభావంలో చర్మం మీదికి వచ్చేది ఒక మిల్లీవోల్టు మాత్రమే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో ఐంతోవెన్ ఆ ఒక్క మిల్లీవోల్టును స్పష్టంగా గీయగల గాల్వనోమీటరును నిర్మించి, 1924లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అప్పట్లో రోగి రెండు చేతులనూ ఒక కాలినీ ఉప్పునీటి పాత్రలలో ఉంచి కూర్చునేవాడు. నేటి ఈసీజీలో మణికట్లకు, చీలమండలకు తగిలించే క్లిప్పులు ఆ పాత్రల వారసులే.


సమాధానం: జీవరసాయన పరిశోధక విద్యార్థి

పై వివరణకు ఒక చిన్న చేర్పు. శరీరంలో ఎలక్ట్రాన్లు ప్రవహించవని పిల్లలు అనుకునే ప్రమాదం ఉన్నది. మైటోకాండ్రియా లోపలి త్వచంలో ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఇనుము, రాగి పరమాణువులు గల ప్రోటీన్ల మీదుగా ఒక్కొక్క మెట్టే దిగుతూ చివరకు ఆక్సిజన్‌ను చేరుకుంటాయి. మనం పీల్చే ఆక్సిజన్‌లో అత్యధిక భాగం ఖర్చయ్యేది అక్కడే. ఆ ఎలక్ట్రాన్లు దిగేటప్పుడు విడుదలైన శక్తితో ప్రోటాన్లు త్వచానికి అవతలికి నెట్టబడి, 150 మిల్లీవోల్టులకు పైబడిన పొటెన్షియల్ తేడా ఏర్పడుతుంది. ప్రోటాన్లు తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఒక ఎంజైమును నిజంగానే గిర్రున తిప్పుతాయి, ఆ తిరుగుడులో ఏటీపీ తయారవుతుంది. పీటర్ మిచెల్ 1961లో ఈ ప్రతిపాదన చేసినప్పుడు చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కనుక అధ్యాపకురాలు గారు చెప్పిన పంపుకు కావలసిన ఏటీపీ కూడా మరొక త్వచం మీద విద్యుత్తు వల్లనే పుడుతున్నది.


సమాధానం: భౌతికశాస్త్ర లెక్చరర్

వీడియోలలో చెప్పే క్షేత్రం గురించి నేను రాస్తాను. గుండెకు అయస్కాంత క్షేత్రం ఉన్నదన్న మాట నిజం. అమెరికాలో బౌలే, మెక్‌ఫీ అనే ఇద్దరు 1963లో పెద్ద తీగ చుట్టలతో దానిని మొదటిసారి నమోదు చేశారు. తరువాత ఎంఐటీలో డేవిడ్ కోహెన్ అయస్కాంత కవచం గల గదిలో, ద్రవ హీలియంతో చల్లబరచిన అతివాహక పరికరం సాయంతో గుండె క్షేత్రాన్నీ మెదడు క్షేత్రాన్నీ ఎంతో స్పష్టంగా కొలిచారు. అంత ఏర్పాటు ఎందుకు కావలసి వచ్చిందో అంకెలు చూస్తే తెలుస్తుంది. అయస్కాంత క్షేత్రానికి కొలమానం టెస్లా, అందులో పది లక్షలో వంతు మైక్రోటెస్లా, లక్ష కోట్లలో ఒక వంతు పికోటెస్లా. ఛాతీకి ఆనుకుని కొలిస్తే గుండె క్షేత్రం 100 పికోటెస్లా మించదు. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లా, అంటే గుండె క్షేత్రానికి 4 లక్షల రెట్లు. మెదడు క్షేత్రం గుండె క్షేత్రం కంటే ఇంకా వంద నుంచి వెయ్యి రెట్లు చిన్నది. గుండె క్షేత్రం మెదడు క్షేత్రం కంటే ఎన్నో రెట్లు పెద్దదని వీడియోలు చెప్పే మాటకు ఇదే ఆధారం. ఆ పోలికలో తప్పు లేదు. అయితే రెండూ అతి స్వల్పమైనవే అన్న సంగతిని వారు దాటవేస్తారు.

ఇక దూరం సంగతి. శరీరానికి దూరంగా వెళ్ళేకొద్దీ ఈ క్షేత్రం దాదాపు దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. గుండెకు 10 సెంటీమీటర్ల దగ్గర 100 పికోటెస్లా ఉన్నదనుకుంటే, ఒక మీటరు దగ్గర అది వెయ్యో వంతుకు, అంటే 0.1 పికోటెస్లాకు పడిపోతుంది. గణితం ప్రకారం ఏ క్షేత్రమూ ఎక్కడా పూర్తిగా సున్నా కాదు కనుక కొన్ని మీటర్ల దూరం వ్యాపిస్తుందనడం అబద్ధం కాకపోవచ్చును. కానీ ఆ దూరంలో వీధిలో పోయే ఆటో, గోడలోని తీగ, తలుపు గొళ్ళెం కూడా దానిని లక్షల రెట్లు ముంచివేస్తాయి. ఎదుటి మనిషి శరీరంలో ఆ క్షేత్రాన్ని పసిగట్టగల అవయవం ఏదీ ఇంతవరకు కనుగొనబడలేదు.

దానిని తరంగం అని పిలవడం మరొక పొరపాటు. గుండె సెకనుకు సుమారు ఒకసారి కొట్టుకుంటుంది. ఒక హెర్ట్జ్ పౌనఃపున్యం గల విద్యుదయస్కాంత తరంగానికి తరంగదైర్ఘ్యం 3 లక్షల కిలోమీటర్లు. భూమి నుంచి చంద్రుడి దాకా ఉన్న దూరంలో అది నాలుగింట మూడు వంతులకు పైనే ఉంటుంది. రెండు మీటర్లు కూడా లేని శరీరం అలాంటి తరంగాన్ని చెప్పుకోదగినంతగా వెలువరించలేదు. ఈసీజీ యంత్రం పట్టుకునేది శరీర ద్రవాల గుండా చర్మం దాకా పాకిన స్వల్ప పొటెన్షియల్ తేడానే గాని గాలిలో ప్రసారమైన సంకేతాన్ని కాదు.

ఈ ఊహ అనుభవం లేనివారికి మాత్రమే వచ్చినది కాదని కూడా చెప్పాలి. మనిషి మెదడు తరంగాలను 1924లో మొదటిసారి నమోదు చేసి 1929లో ప్రచురించిన జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్‌ను ఆ పరిశోధనకు ప్రేరేపించినది టెలిపతి, అంటే ఒకరి తలపులు దూరాన ఉన్న మరొకరి మనసుకు నేరుగా చేరతాయన్న నమ్మకమే. యువకుడిగా సైన్యంలో ఉన్నప్పుడు ఆయన ప్రమాదం నుంచి తృటిలో తప్పించుకున్న రోజునే, ఎంతో దూరాన ఉన్న ఆయన సోదరి ఏదో కీడు జరిగిందని భయపడి తండ్రిచేత తంతి ఇప్పించిందట. తలపులను మోసుకుపోయే శక్తి ఏదో ఉండాలని ఆయన వెతికారు. చివరికి ఆయనకు దొరికినవి మైక్రోవోల్టులలో కొలవవలసిన అలలు. అవి దూరానికి చేరవని ఆయనే గ్రహించారు.

శరీరం నుంచి నిజంగా బయటికి వెళ్ళే విద్యుదయస్కాంత వికిరణం వేరే ఉన్నది. చర్మపు ఉష్ణోగ్రత దగ్గర ప్రతి మనిషీ 9.5 మైక్రోమీటర్ల చుట్టుపక్కల గరిష్ఠంగా ఉండే పరారుణ కాంతిని నిరంతరం వెలువరిస్తుంటాడు. చల్లని గదిలో బట్టలు లేకుండా ఉంటే ఈ విధంగా పోగొట్టుకునే నికర శక్తి సుమారు 100 వాట్లు. కోవిడ్ రోజులలో దుకాణాల ముందు నుదుటికి గురిపెట్టిన థర్మామీటర్లు కొలిచినది దీనినే. ఇది అణువుల ఉష్ణ చలనం వల్ల పుట్టేది కనుక బల్ల, గోడ, కుండ కూడా ఇదే పని చేస్తాయి. ఇంకొక వికిరణం వింటే పిల్లలు ఉలిక్కిపడతారు. శరీరంలో ఉండే 140 గ్రాముల పొటాషియంలో 0.0117 శాతం పొటాషియం-40 అనే రేడియోధార్మిక ఐసోటోపు. దాని పరమాణు కేంద్రకాలు మన శరీరంలో సెకనుకు 4 వేలకు పైగా విచ్ఛిన్నమవుతుంటాయి, వాటిలో సుమారు పదింట ఒకటి గామా కిరణాన్ని విడుదల చేస్తుంది. అణు విద్యుత్ కేంద్రాలలో ఉద్యోగులను పరీక్షించే పూర్తి శరీర గణన యంత్రాలలో ఈ గామా కిరణాలు ప్రతి మనిషిలోనూ కనిపిస్తాయి. కణంలో పొటెన్షియల్‌ను నిలబెట్టేది పొటాషియం ఆవేశం, ఈ కిరణాన్ని ఇచ్చేది దాని కేంద్రకం. ఈ రెండింటికీ పరస్పర సంబంధం లేదు.


సమాధానం: కృష్ణా తీరం

చర్చ చాలా బాగున్నది. అయితే మా అమ్మగారు అయస్కాంతపు కడియం తొడుక్కున్నప్పటి నుంచి మోకాలి నొప్పి కొంత తగ్గిందని అంటున్నారు. రక్తంలో ఇనుము ఉన్నమాట నిజమే కదా, మరి అయస్కాంతం దాని మీద ఏ ప్రభావమూ చూపదని ఎలా చెప్పగలం?


సమాధానం: ఎంఆర్ఐ టెక్నాలజిస్టు

కృష్ణా తీరం గారూ, శరీరం మొత్తంలో ఉండే ఇనుము 3 నుంచి 4 గ్రాములు, అందులో ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌లో ఉన్నది. కానీ మేకులో ఇనుము వలె అది ముద్దగా ఉండదు. ఒక్కొక్క పరమాణువు విడివిడిగా ఒక పెద్ద అణువు మధ్యలో బంధింపబడి ఉంటుంది. ముద్దలో పరమాణువులన్నీ ఒకే దిశకు తిరగడం వల్ల కలిగే ఆకర్షణ ఇక్కడ ఉండదు. 1936లో పౌలింగ్, కోరియెల్ చూపినట్లు ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం అతి స్వల్పంగా వికర్షిస్తుంది, ఆక్సిజన్‌ను విడిచిన హిమోగ్లోబిన్‌ను అతి స్వల్పంగా ఆకర్షిస్తుంది. ఈ చిన్న తేడానే ఆధారం చేసుకుని, మెదడులో ఏ భాగం పనిచేస్తున్నదో చూపే పద్ధతికి 1990లో సెయిజీ ఒగావా బాట వేశారు.

మా గదిలోని అయస్కాంతం 1.5 టెస్లా, అంటే భూమి క్షేత్రానికి సుమారు 37 వేల రెట్లు. కడియపు అయస్కాంతం చర్మానికి ఆనుకున్న చోట కూడా దానిలో చిన్న భాగమే ఉంటుంది, కొన్ని సెంటీమీటర్ల లోతులో దాదాపు ఏమీ మిగలదు. మణికట్టుకు తొడుక్కున్నది మోకాలిని చేరే అవకాశమే లేదు. అయస్కాంతానికి రక్తంలోని ఇనుమును కదిలించే శక్తి ఉంటే మా దగ్గర పడుకున్న రోగికి అరగంటలో ప్రాణాపాయం కలగాలి. రోజూ ఎంతోమంది క్షేమంగా లేచి ఇంటికి వెళుతున్నారు. మీ అమ్మగారి నొప్పి తగ్గిందంటే సంతోషమే. మోకాలి నొప్పి కొన్ని వారాలు పెరిగి, కొన్ని వారాలు తగ్గే స్వభావం గలది. పేస్‌మేకరు అమర్చుకున్నవారు మాత్రం ఇలాంటి కడియాన్ని ఛాతీ దగ్గరికి తేకూడదు. అయస్కాంతం దగ్గరైతే చాలా పేస్‌మేకర్లు గుండె సొంత లయను గమనించడం మానేసి స్థిరమైన వేగంతో నడవసాగుతాయి.

టీచర్ గారు పరమాణువు దగ్గర మొదలుపెట్టాలని అన్నారు కనుక మా యంత్రం గురించి కూడా రెండు మాటలు చెబుతాను. ఎంఆర్ఐ చూసేది ఇనుమును కాదు, నీటిలోనూ కొవ్వులోనూ ఉండే హైడ్రోజన్ కేంద్రకాలను. ఒక్కొక్క ప్రోటాన్ ఒక అతి చిన్న అయస్కాంతంగా ప్రవర్తిస్తుంది. 1.5 టెస్లా క్షేత్రంలో కూడా ప్రతి 10 లక్షల ప్రోటాన్లలో క్షేత్రం వైపు మొగ్గినవి, ఎదురు తిరిగినవాటి కంటే 5 మాత్రమే అధికం. మిగిలినవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ అయిదింటినే సెకనుకు 6.4 కోట్ల సార్లు కంపించే రేడియో తరంగంతో కదిలించి, అవి తిరిగి ఇచ్చే సంకేతంతో బొమ్మ తయారు చేస్తాము. శరీరంలో నీరు అంత సమృద్ధిగా ఉండడం వల్లనే ఇంత స్వల్పమైన తేడా కూడా సరిపోతున్నది. ఇది మనం బయటి నుంచి కదిలించి రాబట్టిన సంకేతం గాని, శరీరం తనంతట తాను ప్రసారం చేస్తున్నది కాదు. ఈసీజీకీ దీనికీ ఉన్న ఈ భేదాన్ని తరగతిలో తప్పక చెప్పండి.


సమాధానం: మూత్రపిండాల వైద్యుడు, శ్రీకాకుళం జిల్లా

చర్చలో పొటాషియం పేరు పలుమార్లు వచ్చింది. పరమాణువు నుంచి అవయవం దాకా తెగని వరుస కావాలంటే మా వార్డులో అది ప్రతివారం కనిపిస్తుంది. ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎంత విస్తారంగా ఉన్నదో తెలుగువారందరికీ తెలిసినదే. దాని మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కారణం ఏదైనా, మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు రోజూ ఆహారంతో వచ్చే పొటాషియం బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉద్దానం కొబ్బరితోటల సీమ, కొబ్బరినీళ్ళు పొటాషియం సమృద్ధిగా గల పానీయం. ఎండలో నీరసించిన మనిషికి ఎవరైనా ప్రేమతో ఇచ్చేది బొండమే. మా రోగులకు వద్దని చెప్పవలసినది కూడా అదే, అది చెప్పడం మాకు కష్టంగానే ఉంటుంది.

రక్తంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్‌ల మధ్య ఉంటుంది. శరీరంలోని పొటాషియంలో సుమారు 98 శాతం కణాల లోపలే ఉన్నది కనుక ఈ వెలుపలి వాటా చాలా చిన్నది, కానీ త్వచపు పొటెన్షియల్ ఆధారపడేది లోపలి, వెలుపలి గాఢతల నిష్పత్తి మీద. ఈ నిష్పత్తి నుంచి పొటెన్షియల్‌ను రాబట్టే నెర్న్‌స్ట్ సమీకరణంతో లెక్క వేసి చూడండి. లోపల 140, వెలుపల 4 ఉన్నప్పుడు పొటాషియం సరితూగే పొటెన్షియల్ శరీర ఉష్ణోగ్రత దగ్గర సుమారు −95 మిల్లీవోల్టులు. వెలుపల 8 అయితే అది సుమారు −76 అవుతుంది. మొత్తం పొటాషియంతో పోలిస్తే ఎంతో స్వల్పమైన ఆ పెరుగుదల, గుండెలోని ప్రతి కండర కణపు విశ్రాంతి స్థితిని దాదాపు 19 మిల్లీవోల్టుల మేర జరిపివేస్తుందన్నమాట.

తరువాత జరిగేది ఈసీజీ కాగితం మీద చదువుకోవచ్చును. పొటాషియం పెరిగినప్పుడు దాని మార్గాలు మరింత చురుకుగా పనిచేసి కణాలు త్వరత్వరగా పూర్వస్థితికి వస్తాయి, జఠరికల కణాలు పూర్వస్థితికి రావడాన్ని చూపే టీ తరంగం గుడారపు కొనలా సన్నగా, ఎత్తుగా లేస్తుంది. విశ్రాంతి పొటెన్షియల్ తగ్గి ఉండడం వల్ల సోడియం ద్వారాలు చాలావరకు మూసుకుపోయి, తిరిగి తెరుచుకోలేని స్థితిలో చిక్కుకుంటాయి. దానితో సంకేతం గుండెలో మెల్లగా పాకుతుంది, కర్ణికలలో సంకేతాన్ని చూపే పీ తరంగం చదునై అదృశ్యమవుతుంది, జఠరికలలో సంకేతాన్ని చూపే క్యూఆర్ఎస్ భాగం వెడల్పవుతూ పోయి చివరకు అలల గీతలాగా మారుతుంది, అప్పటికీ చికిత్స అందకపోతే గుండె ఆగిపోతుంది. అందరిలోనూ ఈ మెట్లన్నీ వరుసగా కనిపిస్తాయని అనుకోకూడదు. పొటాషియం చాలా ఎక్కువగా ఉన్నా ఈసీజీ మామూలుగా కనిపించిన రోగులు ఉంటారు కనుక రక్తపరీక్షను వదిలిపెట్టకూడదు.

చికిత్సలో ఒక్కొక్క అడుగూ మీ పాఠంలోని ఒక్కొక్క భాగానికి సరిపోతుంది. ముందుగా సిర ద్వారా కాల్షియం గ్లూకోనేట్ ఇస్తాము. అది రక్తంలో పొటాషియాన్ని ఏమాత్రం తగ్గించదు, కానీ త్వచం వెలుపల ధనావేశాన్ని చేర్చి సోడియం ద్వారాల ప్రవర్తనను సరిదిద్దుతుంది కనుక కొన్ని నిమిషాలలోనే క్యూఆర్ఎస్ తిరిగి సన్నబడుతుంది. ఈసీజీ తీస్తూ ఉండగానే ఈ మార్పు కళ్ళెదుట జరుగుతుంది. ఆ రక్షణ అరగంట, గంట మాత్రమే నిలుస్తుంది. ఈలోగా గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇస్తే, అధ్యాపకురాలు గారు చెప్పిన సోడియం పొటాషియం పంపు వేగం పెరిగి పొటాషియం కణాల లోపలికి వెళ్ళిపోతుంది. ఇది కూడా దాచిపెట్టడమే గాని తీసివేయడం కాదు, కొన్ని గంటలలో తిరిగి బయటికి వస్తుంది. మూత్రం సరిగా రాని రోగిలో పొటాషియాన్ని నిజంగా శరీరం నుంచి తొలగించేది డయాలిసిస్.


మళ్ళీ ప్రశ్న: జీవశాస్త్రం టీచర్

అందరికీ కృతజ్ఞతలు. శ్రీకాకుళం డాక్టరు గారి వివరణతో నేను వెతుకుతున్న వరుస దొరికింది. నెర్న్‌స్ట్ లెక్క పదో తరగతికి కొంచెం ఎక్కువే, కానీ గాఢతల నిష్పత్తి అన్న భావన చాలు. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. కణం విశ్రాంతిలో స్థిరమైన పొటెన్షియల్‌తో ఉంటుందని, ఎవరో ఒకరు కదిలిస్తేనే ద్వారాలు తెరుచుకుంటాయని చెప్పారు. గుండెకు ఆ మొదటి కదలిక ఇచ్చేది మెదడేనా?


సమాధానం: శరీరధర్మశాస్త్ర అధ్యాపకురాలు

కాదండీ. గుండె మార్పిడి చేసేటప్పుడు దాత గుండెకు వచ్చే నాడులన్నీ తెగిపోతాయి, అయినా కొత్త ఛాతీలో ఆ గుండె తనంతట తానే కొట్టుకుంటుంది. విశ్రాంతిలో కాస్త వేగంగానే కొట్టుకుంటుంది, ఎందుకంటే మామూలుగా మెదడు నుంచి వచ్చే వేగస్ నాడి వేసే కళ్ళెం అక్కడ ఉండదు. మెదడు లయను పెంచగలదు, తగ్గించగలదు, కానీ లయను పుట్టించేది అది కాదు.

సిరాకర్ణికా కణుపులోని కణాలకు స్థిరమైన విశ్రాంతి పొటెన్షియల్ అంటూ లేదు. ఒక ప్రచోదనం ముగిసి పొటెన్షియల్ సుమారు −60 మిల్లీవోల్టులకు దిగగానే ఒక వింత ద్వారం తెరుచుకుంటుంది. సాధారణ సోడియం ద్వారాలు పొటెన్షియల్ పెరిగినప్పుడు తెరుచుకుంటే, ఇది తగ్గినప్పుడు తెరుచుకుంటుంది. దాని గుండా సోడియం మెల్లమెల్లగా లోపలికి ఊరుతూ పొటెన్షియల్‌ను పైకి తెస్తుంది. కణం లోపలి నిల్వల నుంచి విడుదలయ్యే కాల్షియం కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. పొటెన్షియల్ సుమారు −40 చేరగానే కాల్షియం ద్వారాలు తెరుచుకుని తరువాతి ప్రచోదనం మొదలవుతుంది, అది ముగియగానే మళ్ళీ ఇదే క్రమం. ఆ వింత ప్రవాహాన్ని 1979లో బ్రౌన్, డిఫ్రాన్సెస్కో, నోబుల్ వర్ణించారు. దాని ప్రవర్తన విచిత్రంగా ఉండడం వల్ల పరిశోధకులు దానికి ‘ఫన్నీ కరెంట్’ అనే పేరు పెట్టారు, పాఠ్యపుస్తకాలలో ఇప్పటికీ అదే పేరు నిలిచింది. పరుగెత్తినప్పుడు ఎడ్రినలిన్ ఆ ద్వారాలను త్వరగా తెరుచుకునేలా చేస్తుంది. గుండె వైఫల్యం, ఛాతీనొప్పి ఉన్న కొందరు రోగులకు ఇచ్చే ఇవాబ్రడిన్ అనే మాత్ర ఆ ద్వారాలను కొంతవరకు మూసి, గుండె సంకోచించే బలాన్ని తగ్గించకుండా వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది.